చూడని రిపోర్టు

"ఆ కంప్యూటరు ముందు రోజంతా కూచుంటావు కదే, ఆ వేడికే నీ కడుపు పండటం లేదు," అంది భ్రమరాంబ, క్యారేజీ సర్దుతున్న కోడలి వీపు వంక చూస్తూ.

చంద్రిక అడుగు గిన్నెలో అన్నం, పైన పప్పు, ఆ పైన బెండకాయ వేపుడు పెట్టి క్యారేజీ బిగించింది. మొగుడు మోహనకృష్ణది ఆ వారం బి షిఫ్టు. మధ్యాహ్నం ఒంటిగంటకి వెళ్తాడు. ఇంకా నిద్ర లేవలేదు. అతను లేచేసరికి ఆమె కూర్మన్నపాలెంలో బస్సెక్కి గాజువాక దాటేసి ఉంటుంది. సిరిపురంలో ఆఫీసుకి చేరేసరికి గంటన్నర. సాయంత్రం మళ్ళీ గంటన్నర. ఆ మూడు గంటలూ నిలబడే ప్రయాణం చేసినా అవి తన సొంత గంటల్లాగే అనిపిస్తాయి ఆమెకి. ఆ గంటల్లో ఎవరూ ఏమీ అడగరు.

రెండువేల ఆరు, జూలై నెల. ఉక్కునగరంలో ఆ క్వార్టర్లోకి ఆమె కోడలిగా వచ్చి నాలుగేళ్ళు. అత్తవారిది గోదావరి జిల్లా. స్టీల్ ప్లాంటు కట్టే రోజుల్లో మావగారు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు, ఇక్కడే పోయారు. చంద్రిక మాత్రం ఈ ఊరి పిల్ల. నాన్న పేరు గురువులు, ఫిషింగ్ హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో మిషను ఆపరేటరు. పెళ్ళయిన కొత్తలో ఆమె "ఏటత్తయ్యా?" అంటే భ్రమరాంబ చుట్టాల ముందు ఆ మాట పదిసార్లు అని నవ్వించింది. "ఏటీ, కాలవా? ఏవిటి అనాలమ్మా, ఏవిటి." చంద్రిక నెల్లాళ్ళలో నేర్చేసుకుంది. 'నాను' పోయి 'నేను' వచ్చింది. చేపల వాసన పడదంటే చేపలు మానేసింది. డిగ్రీలో కంప్యూటర్లు చదివింది కాబట్టి ఉద్యోగం మాత్రం ఉండనిచ్చారు. "టైం పాస్ అవుద్ది కదా, పిల్లలు పుట్టేదాకా," అన్నాడు మోహనకృష్ణ. అదేదో పెద్ద మనసులాగా అన్నాడు. ఆమె కూడా అలాగే తీసుకుంది అప్పట్లో.

పిల్లలు పుట్టలేదు. రెండో ఏడు దాటగానే భ్రమరాంబే ఆమెని గాజువాకలో ఒక నర్సింగ్ హోముకి తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరమ్మ స్కానింగులూ రక్తపరీక్షలూ చేసి, హార్మోన్లలో కొంచెం తేడా ఉందంది, పెద్దగా కంగారు పడక్కర్లేదంది, మీ ఆయన పరీక్ష కూడా ఒకటి కావాలంది. ఆ పరీక్షకి సిటీలో పెద్ద ఆసుపత్రి ల్యాబుకి వెళ్ళారు మొగుడూ పెళ్ళాలు. రిజిస్ట్రేషను ఫారం నింపింది చంద్రికే, నంబరు పదకొండువందల డెబ్భైమూడు. రెండోరోజు రిపోర్టుకి అతనొక్కడే లోపలికెళ్ళాడు. ఆమె బయట బెంచీ మీద కూచుంది. అతను వచ్చి కవరు మడిచి చొక్కా జేబులో పెట్టుకుంటూ, "నార్మల్. పద," అన్నాడు. అంతే. గాజువాక డాక్టరమ్మ దగ్గర కూడా అదే అన్నాడు, "నాది నార్మలే మేడమ్," అని. ఆవిడ కాగితం అడగలేదు. మగవాడు నోటితో చెప్పాడు కదా. తన పుస్తకంలో అలాగే రాసుకుంది. ఇక అప్పణ్ణుంచి ఏడాదిన్నరగా చంద్రికకి ఇంజక్షన్లు. నెలనెలా లెక్కపెట్టుకుని ఆ రోజులకి వెళ్ళాలి. తుంటి మీద చోటు లేక గడ్డలు కట్టాయి. బస్సులో సీటు దొరికినా ఒక పక్కకి వాలి కూచోవాలి. ఒళ్ళు వచ్చింది, మొహం మీద మొటిమలు వచ్చాయి, అకారణంగా ఏడుపు వచ్చేది. "మందు ఒంటికి పట్టట్లేదు," అనేది భ్రమరాంబ, ఆ పట్టకపోవడం కూడా ఆమె తప్పే అన్నట్టు. మోహనకృష్ణ మాత్రం ఏమీ అనేవాడు కాదు. ఇంజక్షన్ రోజున టీ తనే పెట్టుకునేవాడు. ఆ ఒక్క టీకి ఆమె ఎంత కరిగిపోయేదో తలుచుకుంటే తర్వాత ఆమెకే సిగ్గేసింది.

ఆఫీసులో ఆమె పని టెస్టింగు. కంపెనీ చిన్నది. కాలేజీలకీ ఆసుపత్రులకీ వెబ్‌సైట్లు కట్టిస్తుంది. మగవాళ్ళు కట్టినదాంట్లో తప్పులు వెతకడం ఆమె పని. "ఏముంది, ఇంట్లో బియ్యంలో రాళ్ళు ఏరినట్టే కదండీ, ఆడవాళ్ళకి అలవాటే," అనేవాడు టీమ్ లీడరు శ్రీరామ్మూర్తి. అందరూ నవ్వేవాళ్ళు. దాంతోపాటు ఫోన్లు కూడా ఆమే ఎత్తాలి. ఆడగొంతు వినిపిస్తే కస్టమరు తక్కువ తిడతాడని కంపెనీ ఓనరు కామరాజు సిద్ధాంతం. ఎవరి పుట్టినరోజు వచ్చినా కేకు ముక్కలు కోసి పంచేది కూడా ఆమే.

ఆ రోజు పదిన్నరకి ఒక ఫోనొచ్చింది.

"మేడమ్, నాను స్టెఫీని. జ్ఞానాపురం నుంచి. ఆస్పత్రోళ్ళు రిపోర్టు ఇంటర్నెట్లో సూసుకోమన్నారు. ఏటి సేసినా ఓపెన్ అవ్వట్లేదు. ఏదో ఇంగ్లీషులో తిడతంది."

చంద్రికకి నవ్వొచ్చింది. "ఏటని తిడతందమ్మా?" అంది, తనకి తెలీకుండానే.

ఆ ఆసుపత్రి సైటు వీళ్ళ కంపెనీ కట్టిందే. రెండేళ్ళ ల్యాబు రిపోర్టులన్నీ అందులో ఎక్కించారు. పేరు, రిజిస్ట్రేషను నంబరు, రసీదు మీద ఇచ్చిన పాస్‌వర్డు కొడితే ఎవరి రిపోర్టు వాళ్ళకి కనిపిస్తుంది. స్టెఫీకి ఐదో నెల. మొగుడు ఓడలో పని చేస్తాడు, ఇప్పుడు సింగపూర్లో ఉన్నాడు, అక్కణ్ణుంచి బిడ్డ స్కానింగు రిపోర్టు చూడాలని అతని ఆశ. "పెళ్ళయ్యాక మా ఆయన ఇంటిపేరు ఎక్కించారు మేడమ్. డి'సౌజా. డి కొట్టి, పైన సిన్న కామా పెట్టి, ఆ తర్వాత సౌజా."

ఫోను పెట్టేశాక చంద్రిక ఆఫీసులో ఉన్న టెస్టింగు కాపీ తెరిచింది. అందులో ఉన్నవన్నీ దొంగ పేర్లే, నిజం రోగులెవరూ లేరు. డి'సౌజా అని కొట్టింది. తెర మీద ఎర్రటి తప్పుల వరస వచ్చింది. ఆ చిన్న గుర్తు తీసేసి కొడితే రాలేదు. గుర్తు పెడితే మళ్ళీ వచ్చింది. అక్కడితో ఆగిపోయి "పేరులో గుర్తులు పడటం లేదు" అని రాసేస్తే ఆమె ఉద్యోగం అయిపోయినట్టే. కానీ ఆమె ఆ ఎర్ర అక్షరాలు రెండోసారి చదివింది. పేజీ వెనక రిపోర్టులన్నీ దాచే డేటాబేసుకి ప్రశ్న ఒక వాక్యంలా వెళ్తుంది. పేరు ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియడానికి అటూ ఇటూ ఆ చిన్న గుర్తే పెడతారు. పేరులోనే ఆ గుర్తుంటే పేరు అక్కడితో అయిపోయిందనుకుంటుంది అది. మిగిలిన సౌజా ఏమిటో అర్థంకాక గోల పెడుతుంది. మరి ఆ మిగిలిన ముక్క దానికి అర్థమయ్యేటట్టు రాస్తే? పేరు అనుకుని ఇచ్చిన ఖాళీలో ఒక ఆజ్ఞ రాస్తే?

రాసి చూసింది. పాస్‌వర్డు లేకుండానే ఒక దొంగ రోగి రిపోర్టు తెరుచుకుంది. నంబరు మారిస్తే ఇంకో రోగిది.

మధ్యాహ్నం అన్నం మానేసి ఇంటర్నెట్లో వెతికింది. ఇది ఆమె కనిపెట్టిన వింత కాదు. దేశదేశాల్లో వెబ్‌సైట్లకి ఉన్న జబ్బే. దాన్ని ఎస్‌క్యూఎల్ ఇంజక్షన్ అంటారట. ఆ పేరు చదివి కుర్చీలో పక్కకి జరిగి కూచుంది. మొన్నటి సూది పోటు ఇంకా సలుపుతోంది.

శ్రీరామ్మూర్తికి చూపిస్తే మొదట తలగోక్కున్నాడు. తర్వాత, "అలాంటివి ఎవరు కొడతారండీ? పేషెంట్లంటే మామూలు ఆడవాళ్ళు. ఆ స్టెఫీ గారిని ఆ గుర్తు తీసేసిన పేరుతో మళ్ళీ రిజిస్టరు చేయించుకోమనండి, అయిపోతుంది," అన్నాడు.

"పేరు ఆవిడదండీ. తప్పు మనది."

"అబ్బో," అన్నాడతను. స్టెఫీకి తనే ఫోను చేసి పేరు మార్చుకోమన్నాడు.

కామరాజు ఇంకా సూటిగా చెప్పాడు. "చంద్రికా, వచ్చే నెల ఆ ఆసుపత్రి ఇంకో బ్రాంచి సైటు కూడా మనకే ఇస్తోంది. ఇప్పుడు కన్నం ఉందని చెప్తే ఏమవుతుంది? తీరిగ్గా మనమే సర్దుకుందాం. నువ్వు ఈ సంగతి ఎవరితోనూ అనకు."

తీరిగ్గా అంటే ఎప్పుడో ఆమెకి తెలుసు. ఆ సాయంత్రం బస్సులో రాడ్డు పట్టుకుని నిలబడి ఆలోచించింది. ఆ సైటులో ఏమేమున్నాయి? పెళ్ళికాని పిల్లల గర్భం పరీక్షలున్నాయి. చెప్పుకోలేని జబ్బుల పరీక్షలున్నాయి. రిపోర్టు వచ్చిన సంగతి మొగుడికి చెప్పని పెళ్ళాలున్నారు. ఆ సైటు కట్టిన పదిమంది మగాళ్ళకీ అవి వరసలూ నిలువులూ మాత్రమే. గాజువాక సిగ్నలు దగ్గర బస్సాగినప్పుడు ఇంకో నంబరు గుర్తొచ్చింది. పదకొండువందల డెబ్భైమూడు. అది కూడా అందులోనే ఉంది. పాస్‌వర్డు ఉన్న రసీదు అతని దగ్గర ఉందో, చింపేశాడో తెలీదు. ఇప్పుడు పాస్‌వర్డుతో పనిలేదు. నార్మల్ అని చెప్పాడు కదా, మరి నేనెందుకు చూడాలనుకుంటున్నాను, అని తనని తాను తిట్టుకుంది. దిగాల్సిన స్టాపు ఒకటి దాటిపోయింది.

రెండ్రోజులకి ఆసుపత్రి నుంచే ఫోనొచ్చింది. డైరెక్టరు డాక్టర్ విజయరత్నం. యాభై దాటిన ఆవిడ, మాట పొదుపు. "మా పేషెంటు స్టెఫీ రిపోర్టు ఎందుకు తెరుచుకోవటం లేదు? పేరు మార్చుకోమన్నారట. ఎవరన్నారు?"

కామరాజు గది తలుపు వేసి ఉంది. శ్రీరామ్మూర్తి టీకి వెళ్ళాడు. ఫోనెత్తేది ఆడవాళ్ళే అని రూలు పెట్టింది వాళ్ళే. చంద్రిక ఊపిరి పీల్చుకుని చెప్పింది.

"మేడమ్, మీ రికార్డు రూములో ఒక గుమాస్తా ఉన్నాడనుకోండి. మీరు స్లిప్పు మీద 'ఫలానా పేరున్న ఫైలు ఇవ్వు' అని రాసి పంపిస్తే తీసిస్తాడు. పేరు రాయాల్సిన ఖాళీలో ఎవరో 'లక్ష్మి, లేకపోతే ఏ ఫైలైనా సరే' అని రాసి పంపారు. ఆ గుమాస్తాకి పేరేదో ఆర్డరేదో తేడా తెలీదు. అంతా మీరే రాశారనుకుని తీసిచ్చేస్తాడు. మా సైటు అలా ఉంది."

"అంటే ఎవరి రిపోర్టైనా ఎవరైనా చూడొచ్చా?"

"చూడొచ్చు. మా ఆఫీసు కాపీలో చూశాను. అసలుదాని మీద చెయ్యలేదు."

"చేసి చూపించండి."

"మీరు రాసిస్తేనే మేడమ్. ఏ రోజు, ఏ టైము, ఏ ఫైళ్ళు ముట్టుకోవచ్చు అని కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. లేకపోతే నేను చేసేది కూడా దొంగతనమే."

"బాగుంది," అంది డాక్టరు. "మేం కూడా సంతకం లేకుండా కత్తి పట్టం."

ఆ కాగితం మర్నాడే వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు, ఆసుపత్రిలోనే కూచుని, ఇందుకోసం సృష్టించిన మూడు రికార్డుల మీద మాత్రమే పరీక్ష చెయ్యడానికి అనుమతి. వేరే ఏ రోగి వివరాలూ తెరవకూడదు. కింద డాక్టరు సంతకం. కంపెనీ తరఫున కామరాజు సంతకానికి చోటు. పరీక్ష చేసే వ్యక్తి పేరు దగ్గర, చంద్రిక.

కామరాజు ఎర్రబడిపోయాడు. "నిన్ను నోరు మూసుకోమన్నానా లేదా?"

"ఆవిడ అడిగారు సార్. కస్టమరుకి అబద్ధం చెప్పమని మీరు నాకు చెప్పలేదు."

"సరే, ఆదివారం ఆడపిల్లవి నువ్వెందుకులే. శ్రీరామ్మూర్తి వెళ్తాడు," అన్నాడు. డాక్టరుకి ఫోను చేసి అదే చెప్పబోయాడు కూడా. కాగితంలో పేరున్న మనిషే రావాలందట ఆవిడ. అతను సంతకం గట్టిగా ఒత్తి పెట్టాడు, కాగితం చిరిగేటట్టు.

శనివారం రాత్రి మొగుడు షిఫ్టు నుంచి వచ్చాక ఇంట్లో చెప్పింది. మోహనకృష్ణ పేపరు చదువుతున్నాడు. ఆదివారం అతనికి ఆఫు. షిఫ్టులో పనిచేసే స్నేహితులు నలుగురు భోజనానికి వస్తున్నారు.

"రేపు ఆఫీసు పని ఉందండీ. పదకొండుకి బయల్దేరాలి. వంటంతా చేసి వెళ్తాను."

"ఆదివారం ఏం పని?"

చెప్పింది. ఆసుపత్రి పేరు వినగానే పేపరు కిందికి దిగింది. అతని మొహం ఒక్క క్షణం ఎవరిదోలా అయిపోయింది.

"వెళ్ళద్దు," అన్నాడు.

"ఎందుకు?"

"ఎందుకేంటి? వద్దన్నాను. వాళ్ళ గొడవలు నీకెందుకు? ఇంకెవర్నైనా పంపించుకోమను."

"కాగితం మీద నా పేరుంది."

వంటింటి గుమ్మంలోంచి భ్రమరాంబ అందుకుంది. "ఇంతకీ ఏం పనే అది?"

"ఇంజక్షన్ టెస్టింగు అంటారత్తయ్యా."

"ఆఫీసులో కూడా ఇంజక్షన్లేనా? ఇక్కడ వేయించుకున్నవి చాలకనా?" అంది ఆవిడ. ఎవరూ నవ్వలేదు. మోహనకృష్ణ పేపరు మళ్ళీ పైకెత్తాడు కానీ పేజీ తిప్పలేదు. నాకేమైనా అవుతుందని భయపడుతున్నాడు పాపం, అనుకుంది చంద్రిక. అలా అనుకోవడం ఆమెకి నాలుగేళ్ళ అలవాటు. అతని మౌనాలన్నిటికీ ఆమే మంచి అర్థాలు రాసిపెట్టేది.

ఆదివారం నాలుగున్నరకి లేచింది. మాంసం కూర, వంకాయ మెంతికారం, రసం, పులిహోర చేసింది. పదకొండయ్యేసరికి గిన్నెలన్నీ టేబుల్ మీద సర్ది మూతలు పెట్టి, చీర మార్చుకుని వచ్చింది.

"మరి వడ్డించేదెవరు?" అంది భ్రమరాంబ.

"గరిటెలు గిన్నెల్లోనే పెట్టానత్తయ్యా," అని చెప్పులేసుకుంది.

ఆసుపత్రి రికార్డు రూము పక్కన చిన్న గది, ఒక కంప్యూటరు, ఒక ఫ్యాను. డాక్టర్ విజయరత్నం వెనక నిలబడి చూసింది. చంద్రిక పుస్తకంలో టైము రాసుకుని మొదలుపెట్టింది. పేరు దగ్గర చిన్న గుర్తు, దాని తర్వాత నాలుగు మాటలు, ఆ చివర మొదటి టెస్టు రికార్డు నంబరు. ఎంటరు. పాస్‌వర్డు అడక్కుండా రిపోర్టు పరుచుకుంది. ఆఫీసు కాపీలోలాగే, ఇక్కడా.

"ప్రభువా," అంది డాక్టరు మెల్లిగా.

మూడింటికి ఒక నర్సు వచ్చి లేబరు రూములోకి పిలిస్తే ఆవిడ వెళ్ళిపోయింది. చంద్రిక ఒక్కతీ మిగిలింది. మిగతా రెండు రికార్డులూ చూసింది, వేరే పేజీల్లో ఖాళీలన్నీ చూసింది, ఎక్కడెక్కడ తలుపు తెరుచుకుంటోందో వరసగా రాసుకుంది. నాలుగుకి పని పూర్తయింది. కాగితం ప్రకారం ఇంకా గంట టైముంది.

ఆమె చేతులు కీబోర్డు మీదే ఉన్నాయి. మూడో టెస్టు రికార్డు నంబరు ఉన్న చోట దాన్ని చెరిపి పదకొండువందల డెబ్భైమూడు అని కొట్టింది. ఇక ఎంటరు ఒక్కటే మిగిలింది. ఫ్యాను గాలికి పుస్తకంలో పేజీలు ఎగురుతుంటే ఎడంచేత్తో నొక్కిపట్టింది. నిన్న దిగిన ఆ పేపరు, ఎవరిదోలా అయిపోయిన ఆ మొహం కళ్ళముందు నిలిచాయి. ఏడాదిన్నరగా నెలనెలా పడిన సూదులు ఎన్నో లెక్క తెలీదు. చుట్టాల ఇంట సీమంతాలకి పిలవకపోవడాలు, పిలిచినా ఆఖర్న కూచోబెట్టడాలు, పక్క క్వార్టరావిడ పసిపిల్లని ఎత్తుకోబోతే నెమ్మదిగా తీసేసుకోవడాలు. ఒక్క మీట నొక్కితే వాటన్నిటికీ జవాబు. ఎవరికీ తెలీదు. చూసిన జాడ కూడా చెరిపెయ్యగలదు. నొక్కితే ఏమవుతుంది? నిజం తెలుస్తుంది. తెలిసిన నిజాన్ని ఎక్కడ పెట్టుకోవాలి? ఎలా తెలిసిందంటే ఏం చెప్పాలి? అప్పుడు తప్పు మళ్ళీ ఆమెదే అవుతుంది, దొంగచాటుగా చూసింది అంటారు, ఆ మాట దగ్గరే అందరూ ఆగిపోతారు. అదొక్కటే కాదు. ఈ గదిలో వేలమంది ఆడవాళ్ళ కాగితాలున్నాయి. వాళ్ళవి ఎవరూ చూడకూడదని ఉద్యోగం పణంగా పెట్టి ఇక్కడికొచ్చింది. మొగుడిది కాబట్టి చూడొచ్చు అంటే, తన బీరువా తెరిచే అత్తకీ, తన ఉత్తరాలు చించే మొగుడికీ ఉన్న న్యాయం ఇదే కదా. ఆ తర్వాత వచ్చిన ఆలోచన అన్నిటికంటే చిన్నది, కానీ దాని దగ్గర ఆమె ఆగిపోయింది. ఆ రోజు బెంచీ మీద కూచుని, "ఏదీ, ఇలా ఇవ్వండి చూస్తాను" అని చెయ్యి చాపి ఉంటే సరిపోయేది. ఒక్క మాట. తన ఒంట్లోకి సూదులు దిగేది ఆ కాగితాన్ని బట్టే. అడగాల్సిన కాగితాన్ని అడగకుండా ఏడాదిన్నర గడిపి, ఇప్పుడు దొంగలా చూడబోతోంది.

అంకెలు ఒక్కొక్కటే చెరిపేసింది. "నాలుగు గంటల పది నిమిషాలకి పరీక్ష ముగిసింది" అని రాసి సంతకం పెట్టింది.

డాక్టరు చేతులు తుడుచుకుంటూ తిరిగొచ్చింది. "ఆడపిల్ల. మూడు కిలోలు," అంది. ఆ తర్వాత, "ఇంకేమైనా తెరిచారా?"

"మూడు టెస్టు రికార్డులే మేడమ్."

ఆవిడ తలూపి పుస్తకం తీసుకుంది. చంద్రిక బ్యాగు భుజానికి తగిలించుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "మేడమ్, భర్త రిపోర్టు చూడకుండా భార్యకి నెలనెలా హార్మోను ఇంజక్షన్లు ఇస్తారా ఎవరైనా?"

విజయరత్నం కళ్ళజోడు తీసింది. చంద్రిక నడక వంకా, కూచున్నంతసేపూ ఒక పక్కకి వాలిన ఆ ఒంటి వంకా ఇప్పుడే చూసినట్టు చూసింది. "ఎన్నాళ్ళుగా?"

"ఏడాదిన్నర."

"నేనైతే ఆ కాగితం నా టేబుల్ మీదికి వచ్చేదాకా ఒక్క మాత్ర కూడా రాయను. ముందు అది తెమ్మనండి," అంది. ఎవరిని తెమ్మనాలో ఇద్దరూ అనలేదు.

తర్వాత సంగతులు చెప్పాలంటే, సోమవారం పొద్దున్నే ఆసుపత్రి ఆ సైటు మూసేసింది. ఖాళీలో ఏది రాసినా దాన్ని పేరుగా మాత్రమే చూసి, ఆజ్ఞగా తీసుకోకుండా వెనక రాతంతా మార్చడానికి శ్రీరామ్మూర్తికీ ఇంకో ఇద్దరికీ మూడు వారాలు పట్టింది. మీటింగులో కామరాజు "మా శ్రీరామ్మూర్తి టీమ్ కనిపెట్టింది" అని మొదలుపెడితే డాక్టరు, "రిపోర్టు రాసిన వాళ్ళు చెప్తే వింటాను," అంది. చంద్రిక లేచి ఇరవై నిమిషాలు మాట్లాడింది. స్టెఫీ మొగుడు సింగపూర్లో కూచుని, ఉన్న పేరుతోనే, బిడ్డ రిపోర్టు చూసుకున్నాడు. చంద్రిక ఉద్యోగం పోలేదు. ఫోన్లెత్తే పని మాత్రం ఆమే మానేసింది.

కానీ అవన్నీ తర్వాత. ఆ ఆదివారం సాయంత్రం బస్సు దిగి ఉక్కునగరం సెక్టారులోకి నడుస్తూ ఆమె ఒక్క వాక్యం సిద్ధం చేసుకుంది. "మీ రిపోర్టు ఒకసారి ఇవ్వండి, డాక్టరుకి చూపించాలి." మామూలుగా అనాలి. గొంతు వణకకూడదు. కోపం ఉండకూడదు. ఆ కవరు చిరిగిపోయుంటే మళ్ళీ పరీక్ష చేయించుకుందాం అనాలి. అనుకుంటూ మెట్లెక్కింది.

తలుపు తీసే ఉంది. స్నేహితులు వెళ్ళిపోయారు. టేబుల్ మీద ఎంగిలి కంచాలు అలాగే ఉన్నాయి. భ్రమరాంబ వెనక బాల్కనీలో ఆరిన బట్టలు తీస్తోంది. మోహనకృష్ణ ముందుగదిలో టీవీ కట్టేసి కూచుని ఉన్నాడు. ఆమె చెప్పులు విప్పకముందే లేచి నిలబడ్డాడు.

"చూసేశావా?" అన్నాడు.

ఆమె గుమ్మంలో ఒక చెప్పు విప్పి, ఒక చెప్పుతో నిలబడిపోయింది. నార్మల్ రిపోర్టుని ఎవరైనా చూస్తే ఏమిటి? దాన్ని గురించి ఇంత మెల్లిగా, తల్లికి వినపడకుండా, పొద్దున్నుంచీ ఇదొక్కటే తలుచుకుంటూ కూచున్న మనిషిలా ఎందుకు అడగాలి?

"లేదు," అంది.

"అబద్ధం చెప్పకు. అక్కడికెళ్ళి చూడకుండా ఉంటావా?"

"చూడలేదండీ. చూడ్డానికి నాకు పర్మిషన్ లేదు." రెండో చెప్పు కూడా విప్పి గోడవార పెట్టింది. "ఇప్పుడు చూడక్కర్లేదు కూడా."

అతను అలాగే కూలబడ్డాడు. "మళ్ళీ చేయించుకుందామనే అనుకున్నాను చంద్రీ. అప్పుడు చెప్దామని... రోజులు గడిచిపోయాయి. అమ్మకి తెలిస్తే..." ఆ మాట పూర్తి చెయ్యలేదు. ఆమె తుంటి గురించి, ఆ గడ్డల గురించి ఒక్క మాట వస్తుందేమోనని ఆమె ఎదురుచూసింది. రాలేదు. జాలి పడదామనుకుంది, నిజంగానే కొంచెం జాలేసింది కూడా. కానీ ఈసారి అతని మౌనానికి అర్థం రాసిపెట్టే పని ఆమె చెయ్యలేదు.

బట్టల మోపుతో భ్రమరాంబ లోపలికొచ్చింది. ఎంగిలి కంచాల వంక, కుర్చీ లాక్కుని కూచున్న కోడలి వంక చూసింది. "వచ్చావా? ఆ కంచాలు తియ్యి ముందు. రేపు పదింటికి ఇంజక్షన్, గుర్తుందా? ఆఫీసుకి సెలవు చెప్పావా?"

"రేపు నేను రానత్తయ్యా," అంది చంద్రిక. "ఎల్లుండీ రాను."

"రావా? ఎందుకు రావు?"

చంద్రిక మొగుడి వైపు తిరిగింది.

"మీ అబ్బాయి చెప్తారు," అంది.